కాయితం మీది మెట్లు

పోయిన సోమవారం రెండో పీరియడ్‌లో ఉండగా తమ్ముడు ఫోన్ చేశాడు. "అక్కా, తెల్లారంగ అత్త పోయింది. ఇంటికి తెచ్చినం" అన్నాడు. భద్రాచలంలో దవాఖానాలో మూడు రోజులుగా ఆక్సిజన్ మీద ఉంది కాబట్టి ఆ కబురు ఎప్పుడైనా వస్తుందని తెలుసు. బోర్డు మీద సగంలో ఉన్న లెక్క పూర్తిచేసి, పిల్లలకు ఇంకో రెండు లెక్కలిచ్చి బయటికొచ్చాను. మళ్ళీ తమ్ముడికి ఫోన్ చేసి నేను మొదట అడిగిన మాట, "ఆ ఓనరు వచ్చిండా?" అని.

"వచ్చిండు. దండ గూడ తెచ్చిండు."

"ఎయ్యనిచ్చిన్రా?"

"నాయన వద్దన్నడు. బయటనే పెట్టి పోయిండు."

అది విన్నాక గానీ నాకు ఏడుపు రాలేదు. స్టాఫ్ రూమ్‌లో కూర్చుని బాగా ఏడ్చాను. పోయినవాళ్ళను తలుచుకుని రాసేటప్పుడు మనసు మెత్తబడుతుందంటారు. నాకైతే అలా ఏమీ కాలేదు. ఈ మాటలు పళ్ళు కొరుక్కుంటూనే రాస్తున్నాను, చదివేవాళ్ళు ఏమనుకున్నా సరే.

ఆమె మా మేనత్త, మా నాన్నకు అక్క. సారపాక పోయే రోడ్డు మీద, అడవి అంచున ఉన్న మా ఊళ్ళో ముప్పయ్యేళ్ళు మేస్త్రీల వెంట తిరిగి తట్టలు మోసింది. ఇసుక, కంకర, సిమెంటు కలిపిన మాలు నెత్తి మీద పెట్టుకుని నిచ్చెనలెక్కడం ఆమె పని. ఆ సిమెంటు దుమ్మే చివరికి ఊపిరితిత్తుల్లో చేరి ఆమెను తీసుకుపోయింది. చదువు లేదు. సంతకం నేర్పిస్తానంటే ఒప్పుకోలేదు. "సంతకమైతే ఎవడన్న దొంగతనంగ పెడతడు. నా ఏలు ఎవడు పెడతడు?" అనేది.

ఎవరింటికి పోయినా ఆమెకో అలవాటుండేది. పెళ్ళయినా, పరామర్శ అయినా, ముందు గుమ్మంలోంచి వచ్చి అక్కడ కూర్చునేది కాదు. నేరుగా వంటింట్లోకి పోయి, "వెనక దర్వాజ ఏది?" అని అడిగేది. అది చూసి, తీసి, బయట కాలు పెట్టి వచ్చాకనే మంచినీళ్ళు ముట్టేది. తెలిసినవాళ్ళు ముందే చూపించేవాళ్ళు. తెలియనివాళ్ళు ఈ ముసలిదానికి ఏమైనా చాదస్తమా అన్నట్టు నా ముఖం చూసేవాళ్ళు. ఖమ్మంలో నేను కిరాయికి తీసుకున్న రెండో అంతస్తు ఇంట్లో ఆమె ఒక్క పూట కూడా పడుకోలేదు. "బిడ్డా, ఇది ఇల్లు గాదు, బోను. ఖాళీ చెయ్" అని ఆ సాయంత్రమే బస్సెక్కి పోయింది. నేను నవ్వాను గానీ నెల తిరక్కుండా ఆ ఇల్లు ఖాళీ చేశాను.

ఆ చాదస్తం ఊరికే రాలేదు.

మా ఊళ్ళో రోడ్డు మీద ఒక రెండంతస్తుల బిల్డింగు ఉంది. సారపాక కాగితం మిల్లులో కాంట్రాక్టు పనిచేసేవాళ్ళకు కిరాయికిచ్చేందుకు కట్టింది. దాని స్లాబు వేసిన రోజు మాలు మోసిన ఆడవాళ్ళలో మా అత్త ఒకతె. స్లాబు పడ్డ రోజు కూలీలకు మాంసం కూరతో అన్నం పెట్టి, ఆడవాళ్ళకు రవిక గుడ్డలు పెట్టడం మా వైపు రివాజు. ఓనరు ఆ రోజు ఏ లోటూ చెయ్యలేదు. మేస్త్రి తన అనుభవం కొద్దీ వెనక వైపు కూడా మెట్లు వస్తాయనుకుని, స్లాబులోంచి ఇనుప చువ్వలు బయటికి వదిలిపెట్టాడు. వారం తర్వాత చూస్తే ఆ చువ్వలు కోసేసి ఉన్నాయి. ఆ జాగాలో గోడ లేస్తోంది. అత్త అడిగింది.

"మేస్త్రీ, ఎనక మెట్లు లేవా?"

"ఓనరుకు రెండు గదులు ఎక్కువొస్తయంట. మనకెందుకు" అన్నాడు మేస్త్రి.

అత్త తట్ట ఎత్తుకుని పోయింది. ఆ గోడకు కూడా మాలు మోసింది. ఆ 'మనకెందుకు' అనే మాట తర్వాత మా ఇళ్ళలో ఎవరి నోటివెంట వచ్చినా ఆమె ఊరుకునేది కాదు. చిన్నపిల్లలంటే చెవి మెలిపెట్టేది, పెద్దవాళ్ళంటే లేచి వెళ్ళిపోయేది.

రెండేళ్ళకు ఆమె ఒక్కగానొక్క కూతురు, మా వదిన, మొగుడితో ఆ బిల్డింగులోనే పైన ఒక గదిలో దిగింది. మిల్లుకు దగ్గరని వాళ్ళే చూసుకున్నారు. అత్త వద్దనలేదు. కూతురు కళ్ళ ముందుంటుందని సంతోషపడింది. కింద ఒక టిఫిన్ హోటలుండేది. ఓనరు మెట్ల కింది సందును కూడా వదలకుండా ఆ హోటలుకే కిరాయికిచ్చాడు. హోటలువాడు అక్కడ పొయ్యి, గ్యాస్ సిలిండర్ పెట్టుకున్నాడు. పై గదుల కిటికీలకు కదలని ఇనుప జాలీలు. దిగడానికి ఉన్నది ఆ ఒక్క మెట్ల దారే.

ఒక మధ్యాహ్నం ఆ పొయ్యి దగ్గర మంటలు లేచాయి. పైన అందరూ షిఫ్టుకు పోయారు. వదిన ఒక్కతే కుట్టు మిషన్ ముందు కూర్చుని ఉంది. పొగంతా మెట్ల మీదుగా పైకే వచ్చింది. మంటలు ఆరాక చూస్తే వదిన వసారా చివర, ఆ వెనక గోడకు ఆనుకుని ఉంది. ముందు దారి లేదని వెనక్కు పరిగెత్తినట్టుంది. అత్త అక్కడ ఏడవలేదు. పిడికిలితో గోడను తట్టింది. "ఈడనే చువ్వలుండె" అంది. వదిన దినాలయ్యాక ఆమె మొగుడు కారేపల్లి, వాళ్ళ అమ్మానాన్నల దగ్గరికి పోయాడు. మళ్ళీ మా ఊరికి రాలేదు.

తప్పంతా పారిపోయిన హోటలువాడి మీదికి పోయింది. ఓనరు మాత్రం దేవుడి రాత అన్నాడు. ఇద్దరు పెద్దమనుషుల్ని రాజీకి పంపాడు. అత్త వాళ్ళకు పీట వేసి, నీళ్ళిచ్చి, చెప్పేదంతా విన్నది. తర్వాత నెమ్మదిగా చెప్పింది.

"ఆ ఎనక మెట్లు కట్టమనుర్రి. గవి చాలు."

"ఇప్పుడు కడితే ఏం లాభమమ్మా? పోయిన పిల్ల వస్తదా?"

"లాభం గాదయ్యా నాకు గావాల్సింది. వానికి నష్టం గావాలె."

నేనక్కడే ఉన్నాను. మా వాళ్ళలో కుర్రాళ్ళు కొందరు ఆ ఓనర్ని రోడ్డు మీద పడేసి కొట్టాలని కర్రలు కూడా తెచ్చుకున్నారు. అత్త వాళ్ళను ఆపింది. "కొడితే పది రోజులు దవాఖానాల పంటడు, లేసొస్తడు. స్లాబుకు ఇరవయ్యొక్క రోజులు నీళ్ళు పడితెనే గట్టిపడతది. కోపానికి గూడ గట్లనే నీళ్ళు పట్టుర్రి" అంది. ఆ కుర్రాళ్ళలో ఒకడు నా తమ్ముడు. వాడిప్పటికీ ఎవరి మీద కోపమొచ్చినా ఆ మాటే తలుచుకుంటాడు.

అవి సమాచార హక్కు చట్టం కొత్తగా వచ్చిన రోజులు. నేను భద్రాచలంలో డిగ్రీ చదువుతున్నాను. కాలేజీలో ఎవరో సారు చెబితే విని అత్తకు చెప్పాను, ఆ బిల్డింగుకు ఏ కాగితం మీద పర్మిషన్ ఇచ్చారో అడగొచ్చని. "ఏడుపు సాలు, కలం వట్టు" అంది. పంచాయతీ ఆఫీసుకు రాశాను. మొదటి దరఖాస్తు దొరకడం లేదన్నారు. రెండోది పైకి పంపామన్నారు. మూడోసారి అత్త పని మానుకుని, అన్నం టిఫిన్‌లో పెట్టుకుని పోయి, ఆఫీసు వరండాలో పొద్దున్నుంచి సాయంత్రం దాకా కూర్చుంది. మర్నాడు కూడా పోయింది. ఆ మర్నాడు కూడా. ఎవర్నీ ఏమీ అనలేదు, ఒట్టిగా కూర్చుంది. నాలుగోనాడు కాగితాలు చేతిలో పెట్టారు.

ప్లాను విప్పి చూశాను. ముందు మెట్లున్నాయి. వెనక కూడా ఉన్నాయి. గీతలు గీసి, బాణం గుర్తు పెట్టి, కింద ఓనరు సంతకం, పక్కన ఆఫీసు ముద్ర. అత్త నా వేలు పట్టుకుని ఆ గీతల మీద పెట్టించింది.

"గివేనా మెట్లు?"

"అవ్ అత్తా."

"ఎన్నున్నయి?"

లెక్కపెట్టాను. పద్దెనిమిది. ఆమె ఆ కాగితాన్ని తన చేతిలోకి తీసుకుంది. "కాయితం మీద నా బిడ్డ దిగి బయటపడ్డది" అంది. వదిన పోయాక ఆమె ఏడవడం నేను మొదటిసారి అప్పుడే చూశాను.

ఆ కాగితం పట్టుకుని ఫిర్యాదు ఇవ్వడానికి పంచాయతీ ఆఫీసుకే పోయాం. అక్కడి సెక్రటరీ మంచివాడే. మా మాట విని ఇబ్బందిగా కదిలాడు. బీరువాలోంచి ఒక కట్ట తీసి టేబుల్ మీద పరిచాడు. అన్నీ ఒకే ప్లాను. ఎప్పుడో ఒకాయన ఖమ్మంలో ఇంజినీరు చేత గీయించుకున్న ప్లాను జిరాక్సు షాపులో ఉండిపోయింది. కరెంటు మీటర్ కావాలన్నా, ఇంటి నంబరు కావాలన్నా మా ఊరివాళ్ళందరూ ఆ ఒక్క ప్లానుకే జిరాక్సు తీయించి, పేరు మీద వైట్‌నర్ పూసి, తమ పేరు రాసిచ్చారు. రేకుల ఇళ్ళు, పెంకుటిళ్ళు, గుడిసెలు, అన్నీ కాగితం మీద రెండంతస్తుల మేడలే. ఓనరు కూడా అదే పని చేశాడు. అందులో వెనక మెట్లున్నాయని ఆ మనిషి చూసి కూడా ఉండడు.

"అమ్మా, నీ ఇల్లు కూడా ఇందులోనే ఉంది. నీకూ వెనక మెట్లున్నాయి" అన్నాడు సెక్రటరీ.

సంగతి ఓనరు చెవిన పడింది. వారంలోగా అత్త ఇల్లు ప్లాను ప్రకారం లేదనీ, ముందు వసారా రోడ్డు మీదికొచ్చిందనీ తిరుగు ఫిర్యాదు పెట్టాడు. ఎంక్వయిరీ వస్తే ఊరంతా పోతుందని ప్రచారం చేశాడు. దాంతో ఊరు మా అత్త మీదికి తిరిగింది. బోరింగు కాడ ఆడవాళ్ళు ఆమె బిందెకు చోటివ్వడం మానేశారు. వదినతో కలిసి పెరిగిన ఒకామె ముఖం మీదే అడిగింది, "నీ బిడ్డ పాయె, మా ఇండ్లు గూడ పీకిస్తవా?" అని. మా నాన్న అత్త కాళ్ళ దగ్గర కూర్చుని బతిమాలాడు. "అక్కా, వదిలెయ్యే. మనం ఈ ఊళ్ళె బతకాలె" అన్నాడు. నేను కూడా వదిలేద్దామనే అన్నాను. ఆ సంగతి దాచుకోను.

మూడోనాడు పొద్దున్నే అత్త గడ్డపార తీసుకుని తన ఇంటి ముందు వసారాను కొట్టడం మొదలుపెట్టింది. ఆ వసారా మా మామ బతికుండగా తన చేతుల్తో కట్టింది. ఇటుకలు ఒక్కొక్కటే రోడ్డు మీద పడుతుంటే ఊరంతా చేరి చూసింది. ఎవరూ సాయం రాలేదు, వద్దని కూడా అనలేదు. సాయంత్రానికి వసారా లేదు. మర్నాడు వంటింటి వెనక గోడకు చిల్లిపెట్టి తలుపు నిలబెట్టింది. డిప్లొమా చదివిన కుర్రాణ్ణి పిలిపించి, ఉన్న రెండు గదులను, రెండు తలుపులను ఉన్నది ఉన్నట్టు గీయించింది. మా ఊళ్ళో అంతకుముందు నిజం ప్లాను ఒక్కటి కూడా ఉండి ఉండదు. దాన్ని ఆఫీసులో ఇచ్చి, రసీదు తీసుకుని, ఆ తర్వాత ఓనరు మీది ఫిర్యాదు కింద వేలిముద్ర వేసింది.

"ఇప్పుడు చూడమను నా దిక్కు" అంది.

డివిజన్ ఆఫీసు నుంచి ఒక ఆఫీసరు వచ్చాడు. ముందు ఊరివాళ్ళను కూర్చోబెట్టి, "ఉన్నది ఉన్నట్టు గీయించి తెచ్చినవాళ్ళ జోలికి నేను రాను, గడువిస్తాను. ముందు ఈ బిల్డింగు సంగతి చూద్దాం" అన్నాడు. సగం జనం అక్కడికక్కడే ఊపిరి పీల్చుకున్నారు. కొలతలు తీయడానికి టేపు రెండో కొస పట్టుకునే మనిషి కావాలన్నాడు. ఎవరూ కదల్లేదు. అత్త లేచి పోయి, పైన ఆ వెనక గోడ దగ్గర టేపు కొస అదిమిపట్టి నిలబడింది.

"సార్, ఎనక మెట్లు పెడితే దొంగలొస్తరు సార్" అన్నాడు ఓనరు.

ఆఫీసరు ప్లాను విప్పి, "ఈ సంతకం మీదేనా?" అని అడిగాడు.

అప్పుడు ఆ మనిషి ముఖం చూడాల్సింది. తనది కాదంటే బిల్డింగుకు పర్మిషనే లేనట్టు. తనదంటే మెట్లు కట్టాలి. "నాదే" అన్నాడు చివరికి. నాకు ఆ రోజు కడుపు నిండినట్టయింది. ఇలాంటి తృప్తి తప్పని మీలో ఎవరైనా అంటే, నాకు వదినను తెచ్చివ్వండి, అప్పుడు ఒప్పుకుంటాను.

ఏడాది లాగాడు. నోటీసుల మీద నోటీసులొచ్చాయి. మెట్లు పూర్తయ్యేదాకా పై అంతస్తు కిరాయికివ్వకూడదని తలుపులకు కాగితాలంటించాక దారికొచ్చాడు. వెనక రెండు గదులు కూలగొట్టించి, మెట్లకు సెంట్రింగ్ కొట్టించాడు. మెట్ల స్లాబు వేసే రోజు పొద్దున మా అత్త చుట్టుగుడ్డ నెత్తిన పెట్టుకుని కూలీల వరుసలో నిలబడింది. ఓనరు ఆమెను చూసి మేస్త్రి వైపు చూశాడు. మేస్త్రి తలొంచుకుని ఆమె తట్టలోకి మాలు ఎత్తిపోశాడు. మొదటి తట్ట ఆమే మోసింది. మధ్యాహ్నం అందరూ మాంసం కూరకు కూర్చుంటే ఆమె పక్కకు పోయి తాను తెచ్చుకున్న పచ్చడి మెతుకులు తిన్నది. సాయంత్రం రవిక గుడ్డలు పంచుతూ ఓనరు భార్య ఈమె దగ్గరికొచ్చి ఆగిపోయింది. అత్త రెండు చేతులూ చాచి తీసుకుంది.

"వాళ్ళ గుడ్డ ఎందుకు తీసుకున్నవ్ అత్తా?" అన్నాను దారిలో, కోపంగానే.

"దరఖాస్తులు మూట గట్టుకోనీకి."

"ఇంకా ఏం దరఖాస్తులున్నయి?"

"వాడున్నడు గదా" అంది.

అన్నట్టే ఓనరు ఆ మెట్ల కింద ఒక ఇనుప గేటు పెట్టించాడు. దానికి తాళం వేశాడు, దొంగల పేరు చెప్పి. అప్పట్నుంచి ప్రతి శుక్రవారం అంగడికి పోతూ అత్త ఆ బిల్డింగు ముందు ఆగేది. ముందు మెట్లెక్కి, వసారా దాటి, వెనక మెట్లు దిగేది. తాళముంటే లోపల నిలబడే "తాళం తియ్" అని కేకేసేది. ఓనరు కావాలని ఆలస్యం చేస్తే మెట్టు మీద కూర్చునేది. ఆయన వచ్చి తీసేదాకా కదిలేది కాదు. కొన్నాళ్ళకు ఆయన తాళం వెయ్యడమే మానేశాడు. అయినా ఆమె పోవడం మానలేదు. ఊపిరాడక మూడు మెట్లకొకసారి ఆగాల్సి వచ్చిన రోజుల్లో కూడా పోయింది. ఇంక చాలత్తా, వదిలెయ్ అంటే కసిరింది. "వదిలేస్తే వాడు నిద్రపోతడు" అంది.

ఆ గదుల్లో ఉన్నవాళ్ళు మా అత్త తమ కోసమే ఇదంతా చేసిందని చెప్పుకుంటారు. ఎవరో ఒకసారి ఆమెతోనే అన్నారు కూడా. "మీ కోసం గాదు" అని కొట్టిపారేసింది. అయినా కొత్తగా ఎవరు కిరాయికి దిగినా వాళ్ళను వెంటబెట్టుకుపోయి వెనక మెట్లు ఒకసారి దిగించేది.

అత్త పోయిన మూడోనాడు ఆమె పేరున పిట్టకు ముద్ద పెట్టి ఇంటికొచ్చాక నేను ఎవరికీ చెప్పకుండా ఆ బిల్డింగు వెనక్కి పోయాను. గేటుకు కొత్త తాళం ఉంది. దాని మీద షాపు చీటీ ఇంకా ఊడలేదు. ఓనరు పక్కనే అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ఆయన కూడా ముసలివాడైపోయాడు. జాలి పడాలేమో. నాకైతే రాలేదు.

"తాళం తియ్" అన్నాను.

"మీ అత్త పోయి మూడు రోజులు గాలే. అప్పుడే మొదలువెట్టినవా?"

"మూడు రోజులు గాకముందే తాళమేసింది నువ్వు."

"చెవి ఇంట్ల ఉంది."

"తీస్కరా. నిలబడతా."

ఆయన కదల్లేదు. మా మాటలు పైకి వినిపించినట్టున్నాయి. ఒక గదిలోంచి ఒకామె పిండి చేతులతోనే బయటికొచ్చింది. ఇంకొకామె చంటిదాన్ని ఎత్తుకుని వచ్చింది. ఒకరి వెనక ఒకరు వచ్చి పై మెట్టు నుంచి గేటు దాకా వరుసగా నిలబడ్డారు. అందరూ ఆయన వైపే చూస్తున్నారు. ఆయన లేచి లోపలికి పోయి తాళంచెవుల గుత్తి తెచ్చాడు. మొదటిది పట్టలేదు. రెండోది పట్టలేదు. మూడోదానికి తాళం ఊడింది.

గేటు తెరిచి, ఆ తాళాన్ని జేబులో వేసుకోబోయాడు. నేను చెయ్యి చాచి అలాగే నిలబడ్డాను.